వైరల్ అని రాసి ఫైలు మూసేశారు

"మీ ఇంట్లో చిన్న వయసులో ఉన్నట్టుండి పోయినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

ఈ ప్రశ్న మమ్మల్ని ఒక డాక్టర్ అడగడానికి ఏడు నెలలు పట్టింది. అమ్మ వెంటనే జవాబు చెప్పలేదు. కొంగు చివర వేలికి చుట్టుకుంటూ కాసేపు కూర్చుని, "మా చిన్న తమ్ముడు ఉండె సార్. ముప్పై ఒకటి గూడ నిండలే" అంది. అప్పటికే మా తమ్ముడి ఫైలు రెండు చేతులతో పట్టుకోవాల్సినంత లావయింది. ఈసీజీలు, ఎకోలు, యాంజియోగ్రామ్ సీడీ, ఎంఆర్ఐ ఫిల్ములు, బిల్లులు. అమ్మ చెప్పిన ఆ ఒక్క మాట మాత్రం అందులో ఎక్కడా లేదు. ఎవరూ అడగలేదు కాబట్టి మేమూ చెప్పలేదు.

ఆ ఆగస్టులో మా రామంతాపూర్ గల్లీలో ఇంటికొకరు జ్వరంతో పడుకుని ఉన్నారు. తమ్ముడికి ఇరవై ఏడేళ్ళు. హైటెక్ సిటీలో ఉద్యోగం, రోజూ సాయంత్రం షటిల్. వాడికీ జ్వరం వచ్చింది. గొంతు నొప్పి, ఒళ్ళు నొప్పులు, నాలుగు రోజులు. వానాకాలంలో హైదరాబాద్‌లో జ్వరం వస్తే అందరూ అడిగేది ఒక్కటే: ప్లేట్‌లెట్లు ఎంత? మా వాడికి లక్షా అరవై వేలు. డెంగీ లేదన్నారు. పక్కింటి ఆంటీ బొప్పాయి ఆకు రసం తెచ్చిచ్చింది. నల్లకుంట కోరంటి దవాఖానాకు తీసుకెళ్ళమని ఇంకొకరు చెప్పారు. ప్లేట్‌లెట్లు బాగున్నాయి కదా అని మేము కదల్లేదు. నాడి ఎంత కొట్టుకుంటోందని ఎవరం చూడలేదు. నేను హైస్కూల్లో బయాలజీ చెబుతాను. మణికట్టు దగ్గర వేళ్ళు పెట్టి నాడి ఎలా లెక్కపెట్టాలో ఏటా పిల్లలకు చేసి చూపిస్తాను. ఆ నాలుగు రోజుల్లో తమ్ముడి చెయ్యి ఒక్కసారి కూడా పట్టుకోలేదు.

ఐదో రోజు జ్వరం దిగింది. వాడు రాకెట్ తీసుకుని బయల్దేరాడు. "ఇంకా నీరసంగా ఉన్నావు కదరా" అంటే, "ఏం కాదక్కా, జర చెమట పడితే అంతా పోతది" అన్నాడు. అమ్మ కూడా అదే అంది. మన దగ్గర అది గట్టి నమ్మకం, ఒంట్లో ఉన్న జబ్బంతా చెమటతో బయటికి పోతుందని. రెండో గేమ్ మధ్యలో వాడికి కళ్ళు బైర్లు కమ్మి కోర్టులోనే పడిపోయాడు. కొన్ని సెకన్లే. లేచి కూర్చున్నాడు, స్నేహితులు ఓఆర్ఎస్ తాగించి ఇంటికి తెచ్చారు. దగ్గర్లోని క్లినిక్‌కు తీసుకెళ్ళాం. బీపీ చూశారు, బాగుంది. "వైరల్ తర్వాత వీక్‌నెస్ ఉంటుంది, ఆఫీసు టెన్షన్ ఒకటి, కొంచెం గ్యాస్" అని మాత్రలు రాశారు. ఈసీజీ మిషన్ పక్క గదిలోనే ఉంది. వీక్‌నెస్‌కు ఈసీజీ ఎందుకని వాళ్ళూ అనుకున్నారు, మేమూ అనుకున్నాం.

మూడో రాత్రి రెండు గంటలకు వాడు నన్ను లేపాడు. "అక్కా, గుండె ఆగుతలేదు" అన్నాడు. ఆ మాటకు నిద్రమత్తులో నాకు అర్థం తెలియలేదు. ఆగకుండా కొట్టుకుంటోందని వాడి భావం. ఒళ్ళంతా చల్లటి చెమట. క్యాజువాలిటీలో తీగలు తగిలించగానే మానిటర్ మీద 214 అని కనిపించింది. నర్సు పరుగెత్తింది. మమ్మల్ని బయటికి పంపి, మత్తిచ్చి, ఛాతీ మీద షాక్ ఇచ్చారు. ఆ తర్వాత డాక్టర్ బయటికి వచ్చి చెప్పిన పేరు వెంట్రిక్యులర్ టాకికార్డియా. వాళ్ళు వీటీ అంటారు.

గుండెకు పై గదులు రెండు, కింది గదులు రెండు. ఒంటికి రక్తం తోసేవి కింది గదులు. విశ్రాంతిగా ఉన్నప్పుడు మామూలుగా నిమిషానికి 60 నుంచి 100 సార్లు కొట్టుకోవాలి, అదీ పై గది నుంచి వచ్చే ఆజ్ఞ ప్రకారం. వీటీలో కింది గదులు ఆ ఆజ్ఞను వినవు. సొంతంగా పరుగు మొదలుపెడతాయి. ఆ వేగంలో గదిలో రక్తం నిండే సమయం ఉండదు, నిండని గది ఏం తోస్తుంది? ఇంకా ముదిరితే కొట్టుకోవడం కూడా పోయి కండరం ఊరికే వణుకుతుంది. అప్పుడు మనిషి సెకన్లలో పడిపోతాడు. నిమిషాల్లో షాక్ అందకపోతే ఇక లేవడు.

యాంజియోగ్రామ్‌లో రక్తనాళాలు శుభ్రంగా ఉన్నాయి. రక్తంలో ట్రోపోనిన్ ఎక్కువగా ఉంది, అంటే గుండె కండరం దెబ్బతింటోందని అర్థం. గుండె పంపింగ్ 48 శాతానికి పడిపోయింది. ఎంఆర్ఐలో ఎడమ కింది గది గోడలో, బయటి పొరలో, మచ్చ. డిశ్చార్జి కాగితం మీద 'వైరల్ మయోకార్డైటిస్' అని రాశారు. వైరస్ వల్ల గుండె కండరానికి వాపు వచ్చిందని, మూడు నుంచి ఆరు నెలలు ఆటలు మానేసి మందులు వాడితే తగ్గిపోతుందని చెప్పారు. మాకు ప్రాణం లేచొచ్చింది. ఎందుకో చెప్తాను. వైరస్ అంటే బయటి నుంచి వచ్చినది. వచ్చినది పోతుంది. అందులో మన తప్పు లేదు, మన వంశం తప్పు లేదు. పెళ్ళి సంబంధాలు చూస్తున్న ఇంట్లో అంతకన్నా ఊరటనిచ్చే రోగం పేరు ఉండదు.

మార్చిలో మళ్ళీ వచ్చింది. ఈసారి జ్వరం లేదు, జలుబు లేదు, ఆట లేదు. ఆఫీసు క్యాబ్‌లో కూర్చుని ఉండగా మొదలైంది. ట్రోపోనిన్ మళ్ళీ ఎక్కువ, మళ్ళీ షాక్. గుండె లయ జబ్బులు చూసే పెద్ద డాక్టర్ దగ్గరికి పంపారు. ఆయన పాత ఎంఆర్ఐ ఫిల్మును దీపానికి ఎదురుగా పెట్టుకుని చాలాసేపు చూశాడు. మచ్చ ఒకచోట చుక్కలా కాకుండా గోడ చుట్టూ ఉంగరంలా పాకి ఉందని మాకు వేలితో చూపించాడు. ఆ తర్వాతే అమ్మవైపు తిరిగి ఆ ప్రశ్న అడిగాడు.

ఆ రోజు నుంచి నా వాదన ఒకటే. వైరల్ అన్న మాట దగ్గర విచారణ మొదలవ్వాలి. మనం దాన్ని ముగింపుగా వాడుతున్నాం.

వైరస్ అబద్ధమని నేను అనడం లేదు. గుండె కండరానికి వాపు తెచ్చే వైరస్‌లు చాలా ఉన్నాయి. కాక్సాకీ, అడినో, ఇన్‌ఫ్లుయెంజా, కోవిడ్, మన ఊళ్ళో ప్రతి వానాకాలం తిరిగే డెంగీ కూడా. వీటిలో కాక్సాకీ బి బాగా ఎక్కువ పరిశోధన జరిగిన వైరస్. న్యూయార్క్ రాష్ట్రంలోని కాక్సాకీ అనే ఊళ్ళో పిల్లల నుంచి ఈ జాతి వైరస్‌ను మొదటిసారి వేరుచేసినట్టు 1948లో ప్రకటించారు, ఆ ఊరి పేరే జాతి మొత్తానికీ స్థిరపడింది. మామూలుగా అది పిల్లల్లో జ్వరాలు తెచ్చే వైరస్. గుండె దాకా వెళ్ళినప్పుడు ఏం చేస్తుందో చదివాక నాకు నిద్ర పట్టలేదు.

గుండె కండరం కోట్ల కణాలు పక్కపక్కన పేర్చిన బట్టలాంటిది. కణానికీ కణానికీ మధ్య కుట్లు ఉంటాయి. డెస్మోజోమ్‌లు అంటారు వాటిని. గుండె రోజుకు దాదాపు లక్ష సార్లు ముడుచుకుని తెరుచుకుంటున్నా కణాలు ఊడిపోకుండా పట్టి ఉంచేవి ఈ కుట్లే. కాక్సాకీ వైరస్ కణంలోకి దూరడానికి పట్టుకునే గొళ్ళెం కూడా పెద్దవాళ్ళ గుండెలో సరిగ్గా ఈ కలయికల దగ్గరే ఎక్కువగా ఉంటుంది. లోపలికి వెళ్ళాక ఆ వైరస్ తయారుచేసే ఒక ఎంజైమ్ కత్తెరలా పనిచేసి డిస్ట్రోఫిన్ అనే ప్రొటీన్‌ను కోస్తుందని 1999లో చూపించారు. డిస్ట్రోఫిన్ పేరు కొందరు తల్లిదండ్రులకు బాగా తెలుసు. పుట్టుకతో అది లేని మగపిల్లలకే డుషేన్ కండర క్షీణత వస్తుంది. అంటే జన్యులోపం ఏళ్ళ తరబడి చేసే పనిని ఈ వైరస్ కొన్ని రోజుల్లో చేయగలదు.

కోసిన చోట, వాపు వచ్చిన చోట కణాలు చనిపోతాయి. అక్కడ మచ్చ కడుతుంది. గుండెను కొట్టించే కరెంటు మచ్చలోంచి పోదు. అయితే మచ్చ మధ్యలో అక్కడక్కడ బతికిన కండర పోగులు ఉంటాయి, వాటిగుండా కరెంటు మెల్లగా ఈదుకుంటూ వెళ్ళి అవతల బయటపడి, మళ్ళీ మొదటి చోటికే వస్తుంది. సుడిగుండంలా. ఒకసారి సుడి మొదలైతే గుండె మొత్తం దాని వేగానికే పరుగెత్తుతుంది. వీటీ అంటే చాలాసార్లు ఇదే. జ్వరం పోయి నెలలు గడిచినా మచ్చ ఉంటుంది, మచ్చ ఉన్నన్నాళ్ళూ సుడికి చోటు ఉంటుంది. అందుకే జ్వరం తగ్గిన తేదీకీ ప్రమాదం తగ్గిన తేదీకీ సంబంధం లేదు.

ఇక రెండో సగం, వంశం. ఆ కుట్లు పుట్టుకతోనే వదులుగా ఉండే మనుషులు ఉంటారు. కుట్టు ప్రొటీన్లను తయారుచేసే జన్యువుల్లో ఒక అక్షరం తప్పితే చాలు. దీన్ని అరిథ్మోజెనిక్ కార్డియోమయోపతి అంటారు. లయ తప్పించే కండరాల జబ్బు. గ్రీసులోని నాక్సోస్ దీవిలో దీని ఒక రకాన్ని 1986లో గుర్తించారు: గొర్రె ఉన్నిలా ముడుచుకున్న జుట్టు, అరిచేతులు అరికాళ్ళలో దళసరి చర్మం, వాటితోపాటు గుండె జబ్బు. ఆ రకం తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ, రెండు పక్కల నుంచీ లోపం అందినప్పుడే వస్తుంది. మేనరికాలు మామూలైన మన ఇళ్ళలో ఇది తెలుసుకుని ఉండాల్సిన విషయం.

ఈ కుట్టు జన్యువుల్లో డెస్మోప్లాకిన్ అనేది ఒకటి. అందులో లోపం ఉన్నవాళ్ళకు మధ్యమధ్య గుండె కండరం వాచి, ఛాతీ నొప్పి వచ్చి, ట్రోపోనిన్ పెరిగి, చూసేవాళ్ళకు అచ్చం వైరల్ మయోకార్డైటిస్‌లా కనిపిస్తుంది. కొన్నిసార్లు నిజంగానే వైరస్ దాన్ని రెచ్చగొట్టవచ్చు. కొన్నిసార్లు ఏ వైరస్సూ లేకుండానే రావచ్చు. లండన్‌లో, నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్‌లో ఉన్న ఆసుపత్రుల్లో మయోకార్డైటిస్ అని తేలినవాళ్ళ జన్యువులు పరీక్షించి 2022లో ఫలితాలు ప్రకటించారు. నూటికి 8 మందిలో వంశపారంపర్య గుండె కండర జబ్బులకు చెందిన జన్యు మార్పులు కనిపించాయి, ఆరోగ్యవంతుల్లో ఒక శాతం కూడా లేవు. ఎనిమిదే కదా అనుకోవచ్చు. ఆ ఎనిమిది మందికీ తల్లిదండ్రులు ఉంటారు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, పిల్లలు ఉంటారు. ఆ ఎనిమిదిలో మా తమ్ముడు ఒకడు. వాడి వెనక మేము.

తమ్ముడి జన్యు పరీక్ష ఫలితం వచ్చింది. డెస్మోప్లాకిన్‌లో లోపం. తర్వాత అమ్మకు చేయించాం, ఉంది. నాకు చేయించాం, ఉంది. ఇది ఒక్క వైపు నుంచి వచ్చినా చాలు, ప్రతి బిడ్డకూ సగానికి సగం అవకాశం. నా ఎకో బాగుంది, ఇరవై నాలుగు గంటలు గుండె లయను రికార్డు చేసే హోల్టర్‌లో మాత్రం అక్కడక్కడ గుండె అదనంగా కొట్టుకున్నట్టు ఉంది. ఏటా చూపించుకోమన్నారు. మా అమ్మాయికి పదకొండేళ్ళు. వచ్చే వేసవి సెలవుల్లో చేయిద్దామని నిర్ణయించుకున్నాం. ఈ వాక్యం రాయడానికి నాకు చాలాసేపు పట్టింది.

నేను రోజూ హబ్సిగూడలో సీసీఎంబీ ముందు నుంచే స్కూలుకు వెళ్తాను. సెల్యులార్ అండ్ మాలిక్యులర్ బయాలజీ సెంటర్ అని బోర్డు చదవడమే కానీ లోపల ఏం జరుగుతుందో పట్టించుకున్నది లేదు. అక్కడి శాస్త్రవేత్త కుమారసామి తంగరాజ్ బృందం 2009లో ఒక విషయం బయటపెట్టింది. గుండె కండరంలో పనిచేసే ఎంవైబీపీసీ3 అనే జన్యువులో 25 అక్షరాలు ఎగిరిపోయిన మార్పు మన ఉపఖండంలో దాదాపు 4 శాతం మందిలో ఉందని, దానికీ గుండె కండర జబ్బులకూ సంబంధం కనిపిస్తోందని. అది మా ఇంట్లో ఉన్న లోపం కాదు. ఆ మార్పు ఉన్న ప్రతి ఒక్కరికీ జబ్బు రాదు, దాని ప్రభావం ఎంతన్న దాని మీద తర్వాత కూడా పరిశోధన సాగుతూనే ఉంది. అయినా మన ఊరి ల్యాబులోనే, మా బస్సు దారిలోనే, మనవాళ్ళ గుండెలు మనవాళ్ళ రక్తంతో ముడిపడి ఉన్నాయని తేల్చినప్పుడు, అక్కడికి కొద్ది కిలోమీటర్ల దూరంలోని క్లినిక్‌లో "మీ ఇంట్లో ఎవరికైనా" అన్న ప్రశ్న ఎందుకు పుట్టలేదని నాకు బాధ.

మామయ్య సంగతి చెప్పాలి. సూర్యాపేట పక్కన మా అమ్మమ్మ ఊరు. మామయ్యకు అప్పుడప్పుడు పనిలో ఉండగా కళ్ళు తిరిగి పడిపోవడం ఉండేదట. పడినప్పుడు చేతులు కాళ్ళు కొట్టుకునేవాడట. దాన్ని మూర్ఛ అన్నారు. చేతిలో తాళంచెవి పెట్టారు, ఉల్లిపాయ వాసన చూపించారు, తర్వాత ఫిట్స్ మాత్రలు వాడారు. గుండె లయ తప్పి మెదడుకు రక్తం ఆగినప్పుడు కూడా మనిషి అలాగే కొట్టుకుంటాడని మాకు ఇప్పుడు తెలుసు. చివరికి ఒక జ్వరం తర్వాత, నాట్లు పడుతుండగా, బోరు మోటరు దగ్గరికి వెళ్ళినవాడు తిరిగి రాలేదు. ఒంటి మీద దెబ్బ లేదు. కరెంటు షాక్ కాదు, పాము కాదు. "గుండెపోటు" అన్నారు. సాయంత్రానికల్లా దహనం చేశారు.

ఈ గుండెపోటు అన్న మాట మీద నాకు పెద్ద ఫిర్యాదు ఉంది. జిమ్‌లో పడిపోయినా, క్రికెట్ ఆడుతూ పడిపోయినా, పెళ్ళి బరాత్‌లో డాన్స్ చేస్తూ పడిపోయినా, నిద్రలో పోయినా పేపర్లో ఒకటే హెడ్డింగు, గుండెపోటుతో యువకుడి మృతి. గుండెపోటు అంటే రక్తనాళంలో అడ్డు పడి కండరానికి రక్తం అందకపోవడం. అది నీళ్ళ పైపు సమస్య. గుండె ఆగిపోవడం కరెంటు సమస్య. మొదటిది రెండోదానికి దారి తీయవచ్చు, కానీ చిన్న వయసువాళ్ళలో చాలాసార్లు పైపులు బాగానే ఉంటాయి, కండరంలోనో కరెంటులోనో ఉంటుంది లోపం. రెంటికీ ఒకే మాట వాడితే ఏమవుతుంది? ఇంట్లోవాళ్ళు నూనె తగ్గిస్తారు, కొలెస్ట్రాల్ పరీక్ష చేయించుకుంటారు. పోయినవాడి తమ్ముడికి ఈసీజీ తీయించాలని మాత్రం తట్టదు. మా అమ్మమ్మ ఇంట్లో ముప్పై ఏళ్ళ పాటు జరిగింది ఇదే. అప్పుడు పోస్ట్‌మార్టం చేసి గుండె గోడలో మచ్చ ఉందని ఒక్కరు రాసి ఉంటే, మా తమ్ముడి షటిల్ ఎప్పుడో ఆగిపోయేది. "ఎట్లాగూ పోయిండు, ఇంక కోసుడెందుకు" అన్నారట పెద్దవాళ్ళు. ఆ బాధలో ఆ మాట ఎవరైనా అంటారు. నేనున్నా అనేదాన్నేమో. కానీ ఆ కోత పోయినవాడి కోసం కాదు, ఉన్నవాళ్ళ కోసం.

ఇంకో తొందరపాటు జవాబు ఈ మధ్య పుట్టింది. తమ్ముడి సంగతి తెలియగానే మా బంధువుల వాట్సాప్ గ్రూపులో వరసగా పడిన మెసేజ్‌లు అన్నీ ఒకటే: వ్యాక్సిన్ వల్ల. నేను దీన్ని తేలిగ్గా కొట్టిపారేయను. ఎంఆర్ఎన్ఏ రకం టీకాల తర్వాత, ముఖ్యంగా రెండో డోసు తర్వాత, కుర్రవాళ్ళలో అరుదుగా గుండె కండరానికి వాపు రావడం నిజం. కానీ మన దేశంలో ఎక్కువమంది వేయించుకున్నవి కోవిషీల్డ్, మన హైదరాబాద్‌లోనే తయారైన కోవాగ్జిన్. రెండూ ఆ రకం కావు. భారత వైద్య పరిశోధన మండలి 47 ఆసుపత్రుల నుంచి 18 నుంచి 45 ఏళ్ళ మధ్యవాళ్ళ అకస్మాత్తు మరణాలు 729 తీసుకుని, బతికి ఉన్నవాళ్ళతో పోల్చి 2023లో ఫలితం చెప్పింది. కోవిడ్ టీకా వల్ల ప్రమాదం పెరగలేదు. పెరిగింది వేటి వల్లనో కూడా చెప్పింది. కోవిడ్‌తో ఆసుపత్రిలో చేరి ఉండటం, కుటుంబంలో అకస్మాత్తు మరణాలు ఉండటం, పోయే ముందు రెండు రోజుల్లో అతిగా తాగడం, మత్తుమందులు, ఒంటిని బాగా శ్రమపెట్టే పని. చూడండి, వైరస్, వంశం, శ్రమ. మూడూ ఉన్నాయి అక్కడ. మా ఇంట్లో జరిగిన మూడూ. గ్రూపులో ఈ వివరం పెట్టాను. ఎవరూ జవాబివ్వలేదు. నాకు ఓపిక ఉన్నంతవరకు పెడుతూనే ఉంటాను, ఎందుకంటే వ్యాక్సిన్ అని సరిపెట్టుకున్న ఇంట్లో కూడా ఎవరూ ఈసీజీ తీయించుకోరు.

శ్రమ గురించి ఇంకాస్త చెప్పాలి, చెమట నమ్మకం ఎంత బలమైనదో నాకు తెలుసు కాబట్టి. 1970లో అమెరికాలో ఎలుకలకు కాక్సాకీ వైరస్ ఎక్కించి, కొన్నిటిని వదిలేసి, కొన్నిటితో ఈత కొట్టించారు. ఈదిన ఎలుకల గుండెల్లో వైరస్ వందల రెట్లు పెరిగింది. స్వీడన్‌లో మ్యాపు పట్టుకుని అడవుల్లో పరుగెత్తే ఆట ఒకటి ఉంది. 1979 నుంచి 1992 లోపు ఆ ఆటగాళ్ళలో 16 మంది యువత ఉన్నట్టుండి చనిపోయారు. వాళ్ళలో పలువురి గుండెల్లో వాపు కనిపించింది. దానికి వైరస్ కన్నా బ్యాక్టీరియా మీద అనుమానం ఎక్కువగా ఉన్నా, చేసిన పని ఏమిటంటే పోటీలు కొన్ని నెలలు ఆపేసి, ఒంట్లో బాగాలేనప్పుడు సాధన చేయొద్దని గట్టిగా చెప్పడం. ఆ మరణాలు ఆగిపోయాయి. బేయర్న్ మ్యూనిక్ ఫుట్‌బాల్ ఆటగాడు అల్ఫోన్సో డేవీస్‌కు 2022 జనవరిలో కోవిడ్ తర్వాత గుండె కండరానికి స్వల్పంగా వాపు ఉందని తేలితే, ఏప్రిల్ దాకా మైదానంలోకి రానివ్వలేదు. కోట్లు పెట్టి కొనుక్కున్న ఆటగాడిని క్లబ్బు మూడు నెలలు కూర్చోబెట్టింది. మనం ఐదో రోజు రాకెట్ పట్టుకుంటాం, ఆరో రోజు ఆఫీసుకు వెళ్తాం. సెలవు దొరకదు, మేనేజర్ ఊరుకోడు, నిజమే. అది కూడా ఈ జబ్బు కథలో భాగమే.

మెడికల్ షాపు కూడా. జ్వరమని వెళ్తే డోలోతోపాటు చీటీ లేకుండానే అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ మూడు రోజులకు కట్టిచ్చేస్తారు. అది వైరస్ మీద పనిచేయదు. పైగా కొందరిలో గుండె లయను చెడగొట్టగలదని అమెరికా ఔషధ సంస్థ 2013లోనే హెచ్చరించింది. మా వాడూ మింగాడు.

భయపెట్టడం నా ఉద్దేశం కాదు. జ్వరంలో గుండె వేగంగా కొట్టుకోవడం సహజం, తర్వాత రెండు వారాలు నీరసం సహజం. వైరల్ జ్వరం వచ్చిన వందల మందిలో గుండె దాకా వెళ్ళేది ఏ కొద్దిమందికో. వాళ్ళను పట్టుకోవడం ఎలా అన్నదే ప్రశ్న. పరిగెడుతూనో ఆడుతూనో స్పృహ తప్పడం, జ్వరం తగ్గాక కూడా ఛాతీలో నొప్పి, వెల్లకిలా పడుకుంటే ఆయాసం, స్విచ్ వేసినట్టు ఒక్కసారిగా మొదలయ్యే దడ. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా గ్యాస్ మాత్రతో ఇంటికి పంపకూడదు, మనం పోకూడదు. ఈసీజీకి రెండు మూడు వందలు, పది నిమిషాలు. తీయమని అడగడం మన హక్కు. కూర్చుని ఉండగా దడ మొదలై తల తిరుగుతుంటే బండి మీద ఆసుపత్రికి పోవద్దు, 108కి ఫోన్ చేయండి. ఆ 108 పుట్టింది మన ఊళ్ళోనే, 2005లో. కళ్ళ ముందు మనిషి పడిపోయి ఊపిరి లేకపోతే అంబులెన్స్ వచ్చేదాకా ఛాతీ మధ్యలో రెండు చేతులతో నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కాలి. 2023 ఫిబ్రవరిలో ఆరాంఘర్ చౌరస్తాలో ఒక ట్రాఫిక్ కానిస్టేబుల్ నడిరోడ్డు మీద ఆ పని చేసిన వీడియో మీరూ చూసే ఉంటారు. మా స్కూల్లో తొమ్మిది, పది తరగతుల పిల్లలకు నేర్పిస్తున్నాను ఇప్పుడు. బొమ్మ కొనడానికి డబ్బుల్లేక దిండ్ల మీద.

తమ్ముడి ఎడమ భుజం కింద, చర్మం లోపల, అగ్గిపెట్టె కన్నా కొంచెం పెద్ద పెట్టె ఉంది. ఐసీడీ. గుండె పరుగు మొదలైతే ముందు తనే ఇంకా వేగంగా చిన్న చిన్న సంకేతాలిచ్చి సుడిని ఆపడానికి చూస్తుంది, ఆగకపోతే లోపలి నుంచే షాక్ ఇస్తుంది. దీన్ని తయారుచేసిన మిషెల్ మిరోవ్‌స్కీ అనే డాక్టర్‌కు ఆ ఆలోచన 1966లో తన గురువు ఇలాంటి వీటీతోనే చనిపోయినప్పుడు వచ్చిందట. మనిషికి మొదటిసారి అమర్చగలిగింది 1980 ఫిబ్రవరిలో. పద్నాలుగేళ్ళు. ఆ పద్నాలుగేళ్ళకు మా కుటుంబం రుణపడి ఉంది. నాగోల్ మెట్రో స్టేషన్ మెట్ల మీద ఒకసారి అది పనిచేసింది. "లోపల్నుంచి ఎవరో ఎగిరి తన్నినట్టుందక్కా" అన్నాడు. బతికాడు. కానీ ఆ తర్వాత రెండు నెలలు మెట్లెక్కాలంటే భయపడ్డాడు, ఒంటరిగా స్నానానికి వెళ్ళేటప్పుడు తలుపు గడియ పెట్టుకోలేదు. ఇప్పుడు మాత్రలు వాడుతున్నాడు, రోజూ నడుస్తున్నాడు. షటిల్ ఇక లేదు. రెండు రాకెట్లనూ పై వాటాలో ఉండే పిల్లాడికి ఇచ్చేశాడు. సాయంత్రం వాడు కింద ఆడుతుంటే తమ్ముడు బాల్కనీలో కూర్చుని లెక్కపెడుతుంటాడు, పాయింట్లు.

మామయ్య పోయేనాటికి ఆయన కొడుకు పొత్తిళ్ళలో ఉన్నాడు. ఇప్పుడు ముప్పై దాటింది, సొంత డీసీఎం నడుపుతాడు, మిర్చి, పత్తి లోడ్లు. ఏడాదిగా ఫోన్ చేస్తున్నాను, ఒక్కసారి వచ్చి ఈసీజీ, ఎకో చేయించుకోమని. "నాకేమైంది వదినా, గుండ్రాయిలెక్క ఉన్న" అని నవ్వేవాడు. మా అత్తయ్య అయితే ఇంకో మాట అంది, పిల్ల పుట్టిన ఇంట్లో ఇట్లాంటివి మాట్లాడొద్దని. నాకు కోపం రాలేదు. మేము వైరస్ అన్న మాటను పట్టుకుని ఏడు నెలలు కూర్చున్నట్టే, ఆమె గుండెపోటు అన్న మాటను పట్టుకుని ముప్పై ఏళ్ళు కూర్చుంది.

పోయిన గురువారం వాడే ఫోన్ చేశాడు. మాటల్లో మాటగా, పెద్దగట్టు జాతరకు పోయినప్పుడు గుట్ట ఎక్కుతుంటే కళ్ళు చీకట్లు కమ్మి పడ్డానని చెప్పాడు. "అంతకు ముందు వారం జరమొచ్చింది లే వదినా, నీరసం" అన్నాడు. నేను ఏమీ అనలేదు. చెయ్యి చాపి నాడి చూసుకో, ఒక నిమిషం లెక్కపెట్టి నాకు చెప్పు అన్నాను. ఫోన్ పక్కన పెట్టి లెక్కపెట్టాడు. డెబ్బై నాలుగు. మధ్యలో రెండుసార్లు తప్పినట్టు అనిపించిందట.

ఆదివారం లోడ్ హైదరాబాద్‌కే ఉందట. సోమవారం పొద్దున తొమ్మిదింటికి టోకెన్ తీసుకున్నాను. పిల్లను కూడా తీసుకురమ్మన్నాను, ఆ డాక్టరే చూస్తానన్నాడు. అత్తయ్య కూడా వస్తానందట. మామయ్య ఫిట్స్ మాత్రల చీటీ ఇంకా ట్రంకు పెట్టెలో ఉందని, అది తెస్తానని చెప్పమందట.